సందేహాలు - సమాధానాలు: ఏసీ వెల్డింగ్ మిషన్‌ని డీసీ చేసుకుంటే

ప్రశ్న: పదేళ్లుగా ఒక సింగిల్ ఫేజ్ ఏసీ మిషన్‌తోనే గేట్లు, గ్రిల్స్ చేస్తున్నాను. డయోడ్లు పెట్టుకుంటే డీసీ వస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. సామాను తెచ్చి నెల అయింది. మిషన్ పేలుతుందేమోనని ఇంట్లోవాళ్లు చెయ్యి వెయ్యనివ్వడం లేదు, నాకూ లోపల బెదురుగానే ఉంది.
- ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మీ బెదురు మంచిదే, కానీ ఈ పనికి మిషన్ మూత విప్పక్కర్లేదని ఇంట్లోవాళ్లకు చెప్పండి. 230 వోల్టులు ఉండేది గోడ నుంచి మిషన్‌లోకి వెళ్లే వైపు. మీరు పని చేసేది హోల్డరు, ఎర్తు కేబుళ్లు తగిలించే వైపు. అక్కడ సుమారు 50 నుంచి 80 వోల్టులు ఉంటాయి (తడిలో అదీ ప్రమాదమే, కింద ఒక సోదరికి రాశాను చూడండి). నాలుగు డయోడ్లను వేరే పెట్టెలో బ్రిడ్జిగా కలిపి, మిషన్‌కీ కేబుళ్లకీ మధ్యలో పెట్టుకుంటారు, అంతే. పొరపాటున ఒక డయోడు షార్టయితే మిషన్ మామూలుకన్నా గట్టిగా మూలుగుతుంది, ఎంసీబీ పడిపోవచ్చు. ఆ మూలుగు వినపడితే రెండో రాడ్డు ముట్టించకుండా స్విచ్ ఆపెయ్యండి.

ప్రశ్న: 120 ఆంపియర్ల దగ్గర పని చేస్తాను. కొట్టువాడు 100 ఆంపియర్ల డయోడ్లు ఇచ్చాడు. అరగంటకే పెట్టె కాలిపోతోంది. అన్నీ తప్పే చేశానా?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అన్నీ తప్పు చేయలేదు, కంగారు పడకండి. బ్రిడ్జిలో ఒక్కో డయోడు సగం కాలమే పని చేస్తుంది కాబట్టి సగటున మీ డయోడు మీద పడేది 60 ఆంపియర్లే. కానీ రాడ్డు అంటుకున్న ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఆ దెబ్బ కాచుకోవడానికి 200 ఆంపియర్లవి, 400 వోల్టులకు తగ్గనివి వేసుకుంటే మీకు నిద్ర పడుతుంది.

ఇక వేడి సంగతి. కరెంటు ఎప్పుడూ రెండు డయోడ్లలోంచి వెళ్తుంది, ఒక్కోదాంట్లో సుమారు ఒక వోల్టు పోతుంది. 120 ఆంపియర్ల దగ్గర అది 240 వాట్లు, అంటే పాతకాలపు 100 వాట్ల బల్బులు రెండు ఆ పెట్టెలో వెలుగుతున్నట్టే. అందుకని అల్యూమినియం హీట్ సింకు, దాని మీదికి గాలి కొట్టే ఫ్యాను ఉండి తీరాలి. ఫ్యాను గాలి వేడిగా రావడం మామూలే. నాలుగు డయోడ్లలో ఏదైనా చల్లగా ఉందంటే దానిలోంచి కరెంటు వెళ్లడం లేదు. వార్నిష్ మాడిన వాసన వస్తే ఆ రోజుకు పని ఆపండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డయోడు బోల్టు కరెంటు దారిలోనే ఉంటుంది, కాబట్టి దాన్ని బిగించిన హీట్ సింకులోనూ కరెంటు ఉంటుంది. వేడి చూడాలంటే స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే చెయ్యి పెట్టండి. హీట్ సింకులు ఒకదానికొకటి గానీ, ఇనప పెట్టెకు గానీ తగలకుండా ఫైబర్ షీటు మీద బిగించండి. ఫ్యాను కోసం ఆ పెట్టెలోకి 230 వోల్టుల వైరు వస్తుంది, కనుక పెట్టెకు మూడో పిన్ను ఎర్తు తప్పదు. ఇంట్లో చేసుకున్నవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

ప్రశ్న: బ్రిడ్జి పెట్టాను. 6013 రాడ్డు బాగానే మండుతోంది. 7018 మాత్రం చిటపటలాడి ఆరిపోతోంది. డబ్బులు దండగ చేశానా?
- ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: దండగ కాలేదు, మీ పని ముప్పావు వంతు అయింది. మన ఏసీ సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. బ్రిడ్జి కరెంటును ఒకే దిక్కుకు తిప్పుతుంది గానీ ఆ సున్నాలను పూడ్చదు, 7018 లాంటి రాడ్డుకు ఆ సందే చాలు ఆరిపోవడానికి. పూడ్చేది చోక్: ఇనప కోరు మీద, మీ వెల్డింగ్ కరెంటును మోయగల మందపు వైరు చుట్లు, డీసీ కేబుల్‌కు వరసలో. కోరులో ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదిలి ఫైబర్ ముక్క పెట్టాలి. సందు లేకపోతే డీసీకి కోరు నిండిపోయి చోక్ ఉన్నా లేనట్టే అవుతుంది. కాలిపోయిన పాత ట్రాన్స్‌ఫార్మర్ కోరు దీనికి చక్కగా పనికొస్తుంది, పాత సామాన్ల కొట్లో కేజీ లెక్కన దొరుకుతుంది.

చోక్ బదులు పెద్ద కెపాసిటర్లు పెట్టమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. రాడ్డు తగలగానే అవి ఉన్నదంతా ఒక్కసారి కక్కేస్తాయి, స్విచ్ ఆపాక కూడా కరెంటు దాచుకుని కూర్చుంటాయి. చోక్ పెట్టాక కూడా 7018 మండకపోతే రెండు చూడండి: రాడ్లకు చెమ్మ పట్టిందా, మీ మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు ఇచ్చే వోల్టులు 50 దగ్గరే ఉన్నాయా. చెమ్మకు ఓవెన్ ఉంది, తక్కువ వోల్టులకు ఏ బ్రిడ్జీ మందు కాదు.

ప్రశ్న: మా ఆయన వర్షాకాలంలోనూ రేకుల షెడ్డులో వెల్డింగ్ చేస్తారు. ఒకటి రెండుసార్లు చేతికి జిల్లుమందన్నారు. "డీసీ చేశాను, ఇక షాక్ కొట్టదు" అంటున్నారు. నాకు మనసు నిలవడం లేదు.
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ భయం సరైన చోటే ఉంది. అదే వోల్టేజి దగ్గర డీసీకన్నా ఏసీ గుండె లయను త్వరగా దెబ్బతీస్తుందన్నది నిజమే. తడి, ఇరుకు చోట్లలో వాడే మిషన్లకు అంతర్జాతీయ ప్రమాణం ఏసీలో 48 వోల్టులే ఒప్పుకుంటుంది, డీసీలో 113 దాకా ఒప్పుకుంటుంది. కానీ అది ఫ్యాక్టరీలో పరీక్షించిన మిషన్ల మాట. ఇంట్లో చేసుకున్న పెట్టెను నమ్మి తడి చేతులతో రాడ్డు మార్చకూడదు.

జిల్లుమనడం మామూలు సంగతి కాదు. తడిసిన గ్లవుజు వల్ల కావచ్చు, హోల్డరు పగిలి ఉండొచ్చు, లేదా మిషన్ లోపలి చుట్ల ఇన్సులేషన్ పోయి 230 వోల్టులే ఇవతలికి వస్తుండొచ్చు. ఈ చివరిది తేలేదాకా మిషన్ ఆన్ చెయ్యనివ్వకండి, ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష చేయించండి. పొడి గ్లవుజులు, పొడి బూట్లు, కాళ్ల కింద పొడి చెక్క ఉండాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందన్న ధీమా కూడా వద్దు, వెల్డింగ్ వైపు తగిలే షాక్ దానికి తెలియదు.

ప్రశ్న: డీసీ చేశాక మూలల దగ్గర మంట పక్కకు ఎగిరిపోతోంది. డయోడు పోయిందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: డయోడు పోలేదు, డీసీ వాడే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది. ఒకే దిక్కున పారే కరెంటు ఇనుములో అయస్కాంతాన్ని పుట్టిస్తుంది, అది మంటను తోస్తుంది. ఎర్తు క్లాంపు చోటు మార్చండి, ఆర్కు పొట్టిగా పట్టండి, కరెంటు కొంచెం తగ్గించండి. అన్నట్టు, 7018కు హోల్డరు ప్లస్‌కే ఉండాలి. పల్చటి రేకు మీద 6013తో చిల్లులు పడుతుంటే మైనస్‌కు మార్చి చూడండి.

ప్రశ్న: మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. నేను ఇంటి వెనకే వెల్డింగ్ చేస్తాను. డీసీ పెట్టాక ఆయనకు ఏమైనా అవుతుందా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆయన ఇంట్లో తన గదిలో కూర్చుంటే బెంగ పెట్టుకోనక్కర్లేదు, అయస్కాంత ప్రభావం దూరం పోయేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. పని జరుగుతుండగా షెడ్డులోకి, కేబుళ్ల దగ్గరికి రానివ్వకండి. ఏసీ అయినా డీసీ అయినా ఇదే జాగ్రత్త. ఆయన కార్డు మీద పేస్‌మేకర్ మోడల్ ఉంటుంది, అది చూపించి గుండె డాక్టరును ఒకసారి అడగండి. దగ్గరికి వచ్చినప్పుడు తల తిరిగినా, గుండె దడగా అనిపించినా ఆయన్ని వెంటనే దూరంగా తీసుకెళ్లి, డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: డీసీ పెట్టిన రోజు రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు. ఏసీతో ఎప్పుడూ ఇలా కాలేదు. చూపు పోతుందా?
- ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: చూపు పోదు, ధైర్యంగా ఉండండి. ఇది వెల్డింగ్ వెలుగులోని అతినీల కిరణాలు కంటి పైపొరను కాల్చడం. కొన్ని గంటల తర్వాత గానీ తెలియదు, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తప్పు డీసీది కాదు: కొత్త మిషన్ పరీక్షిస్తూ అద్దం లేకుండా రాడ్డు గీకి చూసి ఉంటారు, చాలామంది అలాగే దెబ్బతింటారు. చన్నీళ్ల గుడ్డ వేసుకుని చీకటి గదిలో పడుకోండి. తల్లిపాలు, ఆకు పసర్లు కంట్లో పొయ్యకండి, కళ్లు నలపకండి. రెండు రోజులకూ తగ్గకపోయినా, చూపు మసకబారినా, ఏదో రవ్వ కంట్లో ఉన్నట్టు ఒకే చోట గుచ్చుతున్నా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.