ఊరుమ్మడి బడి

గోదావరిపై ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమైన ఆనకట్ట నిర్మాణం 1852లో పూర్తయింది. కరవులతో కుంగిన డెల్టా క్రమంగా తేరుకొన్నది. నేడు పెంటపాడు పరిసరాల వరిచేలకు జీవమిస్తున్న కాలువలు ఆ ప్రభుత్వ పెట్టుబడికి ఫలితాలే. అయితే నీరు పంటనిస్తుంది గాని అక్షరాన్ని ఇవ్వదు. తన పట్టాను తాను చదువుకొనలేని రైతు, శిస్తు లెక్కకు కరణం మాటనే నమ్మవలసి వచ్చేది.

1850ల మధ్యకాలంలో సబ్ కలెక్టర్ జి.ఎన్. టేలర్ ప్రోత్సాహంతో నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో పాఠశాలలు వెలిశాయి. సమీప గ్రామాల రైతులు తమకూ బడులు కావాలని కోరి, శిస్తుతోపాటు మరికొంత సొమ్ము చెల్లించుటకు అంగీకరించారు. నరసాపురంలోని ఉన్నత పాఠశాల నేటికీ టేలర్ పేరును ధరించి ఉన్నది. కాని స్వచ్ఛందమైన చెల్లింపునకు చట్టబలం లేదు. ఒకరు మానివేస్తే ఉపాధ్యాయుని జీతమే ప్రశ్నార్థకమవుతుంది. అందువల్ల మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యాచట్టాన్నీ, 1871లో స్థానిక నిధుల చట్టాన్నీ చేసింది.

ఇదే సమస్య ఆఫ్రికా ఖండంలోనూ తలెత్తింది. 1963లో స్వతంత్రమైన కెన్యాలో ‘హరాంబీ’ నినాదంతో గ్రామీణులు చందాలు పోగుచేసి ఉన్నత పాఠశాలలు కట్టుకొన్నారు. గోడలు లేచాయి, నెలనెలా జీతాలకు మాత్రం ప్రభుత్వ సహాయం అవసరమైంది. ఉగాండాలో ప్రభుత్వం సొమ్ము విడుదల చేసినా అది బడికి చేరలేదు. 1991-95 మధ్య తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే పాఠశాలలకు అందినట్లు ఒక సర్వేలో తేలింది. ఆపై ఏ జిల్లాకు ఎంత పంపినదీ పత్రికలలో ప్రకటించారు; బడులలోనూ ఆ వివరాలు అందరికీ కనబడేటట్లు ఉంచారు. తరువాత అధికభాగం బడికి చేరసాగింది.

కనుక విద్యకు ధనమొక్కటే చాలదు. దానికి చట్టం అండగా ఉండాలి. ధనమిచ్చిన ప్రజలకు లెక్క తెలియాలి. ఆ లెక్కను చదువుటకు మళ్లీ అక్షరమే కావాలి.

కఠిన పదాలు – అర్థాలు
శిస్తు = భూమిపన్ను
కరణం = గ్రామలెక్కలు వ్రాసే ఉద్యోగి
స్వచ్ఛందం = తన ఇష్టంతో చేసేది

ప్రశ్నలు
1. డెల్టా రైతులు బడుల కోసం ఏమి చేశారు?
2. ‘విద్యకు ధనమొక్కటే చాలదు’ – ఉగాండా ఉదాహరణతో వివరించండి.