కీళ్లవాతము – కారణములు, లక్షణములు

విద్యార్థులారా! గత సంవత్సరము మా తరగతి బాలుడొకడు తన అవ్వను వెంటబెట్టుకొని వైద్యశాలకు పోయెను. అవ్వకు తెలుగు తప్ప వేఱు భాష రాదు. వైద్యునకు తెలుగు రాదు. బాలుడు తమిళమున "మూట్టువలి" యని చెప్పెను. "ఏ కీలు? ఉదయమున ఎంతసేపు బిగిసియుండును? వాపు కలదా?" అని వైద్యుడడుగగా బాలుడు ఊరకుండెను. అతనికి తమిళము చక్కగా వచ్చును. అవ్వ బాధను గూర్చి యడుగవలసిన దేమో తెలియదు. మన యిండ్లలో పిల్లలే పెద్దలకు దుబాసీలు కావున ఈ పాఠము వ్రాయుచున్నాము.

రెండెముకలు కలియు చోటు కీలు. ఎముకల కొనలపై మృదులాస్థి యను నునుపైన పొర కలదు. కీలును చుట్టియున్న సంచి లోపలిపొర జిగటద్రవమును స్రవించును. బండి యిరుసునకు కందెన యెట్టిదో కీలునకు ఈ ద్రవమట్టిది. వీనిలో నేది చెడినను నొప్పి, వాపు, బిగువు కలుగును. కీళ్లవాతము ఒక్క వ్యాధి కాదు. నూఱుకు పైబడిన వ్యాధులకు ఉమ్మడి పేరు. వానిలో నాలుగింటిని తెలిసికొందము.

1. అరుగుదల వాతము: వయసు, అధికమైన బరువు, పూర్వపు దెబ్బలు దీనికి కారణములు. మోకాళ్లకు ఎక్కువగా వచ్చును. నడచినచో నొప్పి హెచ్చును, విశ్రాంతిచే తగ్గును. ఉదయపు బిగువు సాధారణముగా 30 నిమిషములలో సడలును.

2. రుమటాయిడ్ వాతము: శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే కీళ్ల లోపలిపొరపై దాడి చేయును. స్త్రీలలో ఎక్కువ. రెండు చేతుల చిన్నకీళ్లును వాచును. ఉదయపు బిగువు తఱచు గంటకు మించియుండును. అలసట కలుగును. త్వరగా చికిత్స చేయించినచో వ్రేళ్లు వంకరపోకుండ చాలవఱకు కాపాడవచ్చును.

3. గౌటు: రక్తమున యూరిక్ ఆమ్లము హెచ్చి, దాని స్ఫటికములు కీలునందు చేరును. తఱచు కాలి బొటనవ్రేలు రాత్రివేళ హఠాత్తుగా ఎఱ్ఱబడి వాచును.

4. రుమాటిక్ జ్వరము: ఇది మీ వయసు వారి వ్యాధి. 5 మొదలు 15 ఏండ్లలోపు పిల్లలకు ఎక్కువగా వచ్చును. ఒకవిధమైన సూక్ష్మజీవిచే గొంతునొప్పి కలిగిన రెండు మూడు వారములకు జ్వరము వచ్చి, నొప్పి ఒక కీలునుండి మఱియొక కీలునకు మాఱును. కీళ్లనొప్పి తగ్గిపోవును గాని గుండె కవాటములు శాశ్వతముగా చెడవచ్చును. తల్లిదండ్రులు దీనిని "ఎదుగుదల నొప్పులు" అని త్రోసివేయరాదు. గొంతునొప్పికి సకాలమున వైద్యుడిచ్చిన పెన్సిలిన్ మందు ఈ యాపదను తప్పించును.

ఒక్క కీలు వేడెక్కి వాచి, తీవ్రజ్వరము కూడ నున్నచో కీలునందు చీము పట్టియుండవచ్చును. ఆనాడే వైద్యశాలకు పోవలెను. అంగడిలో నొప్పిమాత్రలు కొని నెలల తరబడి మ్రింగుట జీర్ణాశయమునకు, మూత్రపిండములకు హాని.

అభ్యాసము: ఇంట కీళ్లనొప్పిగల పెద్దలను ఈ ప్రశ్నలడిగి, జవాబులను తెలుగునను, ఇక్కడి రాష్ట్రభాషయందును వ్రాయుడు.

అ) ఏ కీళ్లు? ఒకవైపా, రెండు వైపులా?
ఆ) ఉదయపు బిగువు ఎన్ని నిమిషములు?
ఇ) వాపు, ఎఱుపు, జ్వరము కలవా?
ఈ) ఎప్పటినుండి? ఏ మందులు వాడుచున్నారు?

ఆ కాగితమును వైద్యశాలకు తీసికొనిపొండు. మన అవ్వల బాధ వైద్యుని చెవికి సరిగా చేరుట మీ చేతిలోని పని.