వార్త వెనుక మనిషి

ఉదయం గవర్నర్‌పేటలో పత్రిక విప్పిన పాఠకునికి విదేశవార్త పది పంక్తులే. ఆ పంక్తుల వెనుకనున్న ప్రాణగండాన్ని 1984లో వెలువడిన ‘ది కిల్లింగ్ ఫీల్డ్స్’ చిత్రం చూపింది.

1975 ఏప్రిల్ 17న కంబోడియా రాజధాని నాంపెన్ ఖ్మేర్ రూజ్ దళాల వశమైంది. అమెరికా విలేఖరి సిడ్నీ షాన్‌బర్గ్‌ను సైనికులు నిర్బంధించారు. ఆయనకు దుబాసిగా, సహ విలేఖరిగా ఉన్న డిత్ ప్రాన్ వారిని ప్రాధేయపడి విడిపించాడు. విదేశీయుడు గనుక షాన్‌బర్గ్ స్వదేశం చేరాడు. ప్రాన్‌కు ఆ దారి మూసుకుపోయింది. విద్యావంతులను వెదకి చంపుతున్న కాలమది. ప్రాన్ చదువును దాచి, పామరునివలె నటించి, పొలాలలో వెట్టిచాకిరి చేసి, 1979లో థాయిలాండ్ చేరాడు. చిత్రానికి అసలు నాయకుడు అతడే.

ఆ పాత్ర ధరించిన హైంగ్ ఙోర్ సినీనటుడు కాడు, వైద్యుడు. తానూ వృత్తిని దాచి అదే నరకం నుండి బయటపడినవాడు. ఆ నటనకు ఆస్కార్ పురస్కారం పొందాడు.