అంతర్జాల సంగీతము – ధ్వని రూపముల ఎంపిక

నేటి విద్యార్థి సంగీతము వినుటకు గ్రామఫోను కొనవలసిన పని లేదు. కాసెట్టు కొరకు అంగడికి పోవలసిన అగత్యమును లేదు. ఫోను మీద వ్రేలు మోపినంతనే గజల్ అయినను, త్యాగరాజ కృతి అయినను వినవచ్చును. కాని ఆ గానము ఏ రూపమున మన చెవికి చేరుచున్నది, దానిలో ఎంత భాగము మార్గమధ్యమున తొలగింపబడినది అని విచారించువారు అరుదు. ఎం.పి.3, ఏ.ఏ.సి., ఓపస్, ఫ్లాక్ అను పేర్లు కనబడినపుడు మొదట నున్న దానిని నొక్కుట పరిపాటి యైనది.

ముందుగా ధ్వని సంఖ్యగా మారు విధమును చూతము. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. వయసు ముదిరిన కొలది పై హద్దు తగ్గును. ఒక కంపనమును సరిగా పట్టుటకు దానికి రెట్టింపునకు మించి కొలతలు తీయవలెను. 1982లో ఫిలిప్స్, సోనీ సంస్థలు విపణికి తెచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 కొలతలుండుట ఇందువలననే. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు. ఎడమ, కుడి ప్రక్కలకు వేరువేరుగా. గుణించి చూడుడు: సెకనుకు 14,11,200 బిట్లు. ఈ లెక్కన గంట సంగీతమునకు సుమారు 635 మెగాబైట్లు కావలెను.

ఆనాటి టెలిఫోను తీగలకు ఇంత భారము మోయుట అసాధ్యము. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ, కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్ మున్నగు పరిశోధకులు చెవి యొక్క బలహీనతనే ఉపాయముగా గ్రహించిరి. పెండ్లి ఊరేగింపులో బ్యాండు మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస మనకు వినబడదు గదా! అట్లే ఒక పెద్ద ధ్వని చాటున మరుగుపడు సన్నని ధ్వనులను వదలివేసిన, శ్రోత గుర్తింపజాలడు. ఈ సూత్రము మీద నిలిచినదే ఎం.పి.3. 1993లో ప్రకటింపబడిన అంతర్జాతీయ ప్రమాణములో ఇది భాగము. సెకనుకు 128 వేల బిట్లతో గంట సంగీతము 58 మెగాబైట్లలో ఇముడును. అనగా పదునొకండవ వంతు.

అయితే ఈ పొదుపు అన్ని సంగీతములకు సమముగా సరిపడదు. ఖవ్వాలీని ఉదాహరణముగా తీసికొందము. దానికి ప్రాణము చప్పట్లు. ఎం.పి.3 ధ్వనిని సెకనులో సుమారు నలుబదవ వంతు గల తునకలుగా కోసి లెక్క కట్టును. తునక నడుమ చప్పట్టు హఠాత్తుగా పడినచో, లెక్కలోని లోపము ఆ తునక అంతటను వ్యాపించి, చప్పట్టుకు ముందే ఒక మసక సవ్వడిగా వినబడును. తునకలను ఇంకను చిన్నవిగా కోయు ఏర్పాటు అందులో ఉన్నను, బిట్లు తక్కువైనపుడు అది చాలదు. తబలా దెబ్బ, కంచు తాళములు కూడ ఇట్లే మొద్దుబారును. ముషాయిరాలో ‘స’, ‘ష’ ధ్వనులు సైతము బుసబుసలాడును. కావున మందగతి గజలును 128 వేల బిట్లతో విని తృప్తి పడినవాడు, అదే కొలతతో ఖవ్వాలీ విని గాయకులను నిందించిన, అది న్యాయము కాదు.

ఎం.పి.3 తరువాత వచ్చిన ఏ.ఏ.సి. (1997), ఓపస్ (2012) అంతే బరువుతో ఇంతకంటె మేలైన ధ్వని నిచ్చును. నెలసరి డేటాను లెక్కించుకొను విద్యార్థికి ఓపస్ ఉత్తమమని నా అభిప్రాయము. 96 వేల బిట్లతో గంటకు 43 మెగాబైట్లే అగును. గానము చక్కగానే యుండును. ఎం.పి.3 తప్ప వేరేదియు దొరకనిచో 192 వేలకు తగ్గకుండ చూచుకొనుడు. పాత యంత్రములన్నింట పలుకుట దాని సుగుణము.

ఫ్లాక్ దారి వేరు. 2001లో వెలువడిన ఈ రూపము ఒక్క బిట్టును కూడ పారవేయదు. బట్టల పెట్టెలో చక్కగా మడచి సర్దినట్లు ధ్వనిని సర్ది, ఇంచుమించు సగము, మూడింట రెండు వంతుల చోటులో ఉంచును. విప్పినపుడు మూలము మూలముగానే వచ్చును. బస్సులో, బ్లూటూత్ చెవిగొట్టములతో వినుటకు మాత్రము దీనిని కోరుట వ్యర్థము. సాధారణముగా బ్లూటూత్ తానే ధ్వనిని మరల కుదించి పంపును గదా! ఎం.పి.3ని ఫ్లాక్‌గా మార్చినచో నాణ్యత పెరుగునను భ్రమ కూడ పలువురిలో నున్నది. పారవేసినది తిరిగి రాదు. పెరుగునది బరువు ఒక్కటే.

కళాశాల కమిటీ పెద్దలకు ఇచ్చట ఒక మనవి. పూర్వపు ముషాయిరాల, కవిసమ్మేళనముల కాసెట్లు ఎవరి యింటనైన మిగిలియున్నచో, వానిని కంప్యూటరు కెక్కించువారు మొదటనే ఎం.పి.3గా చేసివేయుదురు. అయస్కాంతపు టేపు ఏటేట క్షీణించును; రెండవమారు వినిపించునను హామీ లేదు. అందువలన మొదటి ప్రతిని ఫ్లాక్‌గా తీసి రెండు చోట్ల భద్రపరచి, దాని నుండి ఓపస్ ప్రతులు తీసి విద్యార్థులకు పంచవచ్చును. తొంబది నిమిషముల కాసెట్టు గిగాబైటు లోపుననే ఇముడును. 64 గిగాబైట్ల మెమరీ కార్డులో అట్టివి అరువదికి పైగా పట్టును.