డ్రెస్సింగ్ రూములో మాటలు

అమ్మణ్ణీ,

మదనపల్లె ఆసుపత్రిలో నీకు డ్రెస్సింగ్ రూము డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. కాలిన పిల్లలకు కట్టు మార్చేటప్పుడు కథలు చెప్పి ఏమారుస్తుంటే ‘ఇది మోసం కాదా’ అని నీకు అనిపిస్తోందట. నర్సుగా చేసి రిటైరైనదాన్ని కదా, ఫోన్లో తేల్చేయకుండా రాస్తున్నాను. మోసం కాదు. అయితే దానికో పద్ధతుంది.

చర్మం కాలినప్పుడు అక్కడి నరాలు పంపేది హెచ్చరిక. అది నొప్పిగా తెలిసేది మెదడులో. సన్నటి నరాల్లో రెండు రకాలున్నాయని చదివే ఉంటావు. ఒకటి చురుక్కుమనే కబురును వెంటనే తెస్తుంది, రెండోది సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో మంటను నింపాదిగా మోసుకొస్తుంది. రెండూ వెన్నుపాములో మజిలీ చేసి పైకి పోతాయి. ఆ మజిలీలోనే కబురు తగ్గడమో పెరగడమో జరుగుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతం చెప్పారు. మోకాలికి దెబ్బ తగిలితే మనం గబగబా రుద్దుకునేది అందుకే. తాకిడిని మోసే లావు నరాలు నొప్పి కబురుకు అడ్డం పడతాయి. ఆ సిద్ధాంతంలో వివరాలు తరవాత చాలా మారినా అసలు సంగతి నిలబడింది. పైనుంచి మెదడు కూడా ఆ గేటు మూయగలదు. నడిమెదడు నుంచి వెన్నుపాముకు దిగే దారి ఒకటుంది. నల్లమందు లాంటి పదార్థాలు మన ఒంట్లోనే తయారై ఆ దారిలో పనిచేస్తాయి.

మాటల్లో పెట్టినప్పుడు కదిలేది ఈ దారే. 2012లో జర్మనీలో హాంబర్గ్ పరిశోధకులు కొందరి చేతికి వేడి తగిలిస్తూ, జ్ఞాపకశక్తికి పరీక్ష లాంటి పని అప్పగించి, వెన్నుపామును స్కాన్ చేశారు. పని కష్టమైనప్పుడు నొప్పి తక్కువనిపించింది, వెన్నుపాములో నొప్పి సంకేతమే తగ్గింది. ఒంట్లోని ఆ నల్లమందును అడ్డుకునే నలాక్సోన్ ఇస్తే ఉపశమనం కూడా తగ్గిపోయింది. నీ కథలో మునిగిన పిల్లాడు నొప్పిని ఓర్చుకుంటున్నాడనుకోకు. వాడి మెదడుకు చేరే నొప్పి కబురే తక్కువ.

ఇందులో నీకు పనికొచ్చే ముక్క ‘కష్టమైన పని’ అన్నది. సెల్లు చేతికిచ్చి కార్టూన్ పెట్టేస్తే చాలనుకుంటారు. ఊరికే చూడడం కంటే బుర్రతో, చేతులతో చేసేది మేలు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు కాలిన రోగుల కోసం చేసిన ‘స్నోవరల్డ్’ అనే వర్చువల్ రియాలిటీ ఆటలో రోగి మంచుముద్దలు విసురుతూనే ఉండాలి. నీకు ఆ యంత్రం అక్కర్లేదు. చిన్నపిల్లలైతే సబ్బు బుడగలు ఊదమను. బడికి పోయేవాళ్లయితే నూరులోంచి ఏడేడు తీసేస్తూ లెక్క చెప్పమను, లేదా హార్సిలీ హిల్స్ నుంచి మా బి.కొత్తకోటకు దిగే దారిలో ఏమేం వస్తాయో వరసగా చెప్పమను. రైతు వస్తే మండీలో టమోటా బాక్సు ఎంత పలికిందని అడుగు. ధర పడిపోయిన రోజు మాత్రం ఆ మాట ఎత్తొద్దు తల్లీ, దిగులు నొప్పిని పెంచుతుంది.

‘సినిమా చూపించి, మత్తు లేకుండా మెదడు ఆపరేషన్ చేసినారంట’ అనే మాట నీ దగ్గరికీ వస్తుంది. 2022లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ‘అడవి దొంగ’, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ‘అదుర్స్’ చూపిస్తూ కణితి తీసింది నిజమే. కానీ అలాంటి ఆపరేషన్లలో తల చర్మానికి మత్తుసూది వేస్తారు. మెదడును తాకితే మెదడుకు నొప్పి తెలియదు, నొప్పిని పసిగట్టే నరాల కొసలు అందులో లేవు. మాట, చేతి కదలిక దెబ్బతినకుండా చూసుకోవడానికి రోగిని మెలకువగా ఉంచుతారు. సినిమా భయం తగ్గించిందే గానీ, మందు చేసే పని చెయ్యలేదు.

కాబట్టి వరస తప్పొద్దు. డాక్టరు రాసిన నొప్పి మందు ముందు. అది పట్టేదాకా ఆగి, పుండుకు అంటుకుపోయిన గుడ్డను సెలైన్‌తో బాగా నానబెట్టి, ఆ తరవాత మాటలు. ‘మందెందుకు, మాటలతో సరిపెట్టు’ అని ఎవరన్నా ఒప్పుకోకు. ‘ఏమీ నొప్పెయ్యదు’ అని పిల్లలతో అనకు. ‘కాసేపు మంట పుడుతుంది, చెయ్యెత్తితే ఆపుతా’ అను. ఎత్తితే నిజంగా ఆపు. అబద్ధం ఒక్క డ్రెస్సింగ్‌కే పనికొస్తుంది. మర్నాడు నిన్ను చూడగానే వాడు బిగుసుకుంటాడు, ఆ భయంతో నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

ఇంకొక్క సంగతి. పెద్ద రోగమొస్తే మనవాళ్లు పరిగెత్తే రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేస్తూ, వాళ్ల వేళ్లు పోవడానికి కారణం పట్టుకున్నారు. స్పర్శ పోయి, కాలినా తెగినా తెలియక, గాయాలు ముదిరి వేళ్లు అరిగిపోతున్నాయి. నొప్పి చేసే కాపలా అంతటిది. అందుకని కారణం తెలిసిన నొప్పినే మాటలతో మరపించు. గుండె పట్టేసిందనో, పొత్తికడుపులో కుడిపక్క పొడుస్తోందనో వచ్చినవాళ్లకు కబుర్లు చెప్పకుండా డాక్టరును పిలువు. కట్టు కింద నిన్నటికన్నా నొప్పి ఎక్కువైందంటే చీము పట్టిందేమో చూడు.

రేపు డ్యూటీకి పోగానే కేసు షీట్లు తీసి, ఎవరికి ఏ టైముకు నొప్పి మందు ఇచ్చారో రాసుందా లేదా చూడు. రాయకపోతే కట్టు విప్పకముందే ఇన్‌ఛార్జి సిస్టర్‌ను అడుగు.

ఇట్లు,
మీ పెద్దమ్మ