చేబదులు ఎక్కడ అప్పుగా మారుతుంది? క్రెడిట్ కార్డు గురించి ఒక పాఠం

ఇతరుల సొమ్ము వాడుకోవడానికి తెలుగులో ఒకే మాట లేదు. రెండు రోజుల అవసరానికి పొరుగువారి వద్ద వడ్డీ లేకుండా తీసుకున్నది చేబదులు. కిరాణా దుకాణంలో ఖాతా రాయించి తెచ్చుకున్న సరుకు అరువు. కాగితం రాసి, వడ్డీకి ఒప్పుకొని తెచ్చినది అప్పు. మొదటి రెండింటినీ పెద్దలు తప్పుగా ఎంచలేదు. మూడవదానికి మాత్రం భయపడ్డారు. సాక్షులను పిలిచి సంతకం చేశారు, తీర్చిన రోజున ఆ కాగితాన్ని తిరిగి తీసుకొని చించివేశారు.

ఉద్యోగం కోసమో వ్యాపారం కోసమో బెంగళూరు వంటి నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో క్రెడిట్ కార్డు గురించి తరచుగా వాదన జరుగుతుంది. తండ్రి దృష్టిలో కార్డు అంటేనే అప్పు. కుమారుని దృష్టిలో అది జేబులో నోట్లకు బదులు ఉండే ఒక సాధనం మాత్రమే. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. గడువు తేదీలోగా బిల్లు మొత్తం చెల్లించేవారికి కార్డు చేబదులు వంటిది, వడ్డీ లేదు. బిల్లులో కొంత భాగం మిగిల్చినవారికి అదే కార్డు అప్పు, అందునా ఖరీదైన అప్పు. ఆ మార్పు దుకాణంలో కార్డు గీకిన క్షణంలో జరగదు. బిల్లు కట్టవలసిన రోజున, ఎంత కట్టాలన్న నిర్ణయంతో జరుగుతుంది. కావున ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆ ఒక్క రోజు గురించే.

తెలుగువారికి ఈ సాధనం నిన్న మొన్న పరిచయమైనది కాదు. భారతదేశంలో 1980లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టగా, మరుసటి సంవత్సరమే, 1981లో, ఆంధ్రా బ్యాంకు ఆ బాట పట్టింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఆనాడు కార్డు కొద్దిమంది చేతిలోని వస్తువు. నేడు జీతం ఖాతా తెరిచిన కొన్ని వారాలకే, అడగకపోయినా, కార్డు ఇస్తామన్న ఫోను వస్తుంది.

కార్డు లెక్కలో మొదట తెలుసుకోవలసినవి రెండు తేదీలు. బిల్లు తయారయ్యే తేదీ ఒకటి, చెల్లింపు గడువు తేదీ మరొకటి. ఒక కార్డుకు ప్రతి నెలా 15న బిల్లు తయారై, తరువాతి నెల 5వ తేదీ సుమారున గడువు ముగుస్తుందని అనుకుందాం. జూన్ 16న కొన్న వస్తువు జూలై 15 బిల్లులో చేరుతుంది. దాని సొమ్ము ఆగస్టు మొదటి వారంలో కడితే చాలు. అంటే దాదాపు యాభై రోజుల చేబదులు. జూన్ 14న కొన్నదానికి మాత్రం జూలై 5 వరకు, అంటే మూడు వారాలే గడువు. ఈ తేడా తెలిసినవారు పెద్ద కొనుగోళ్లను బిల్లు తేదీ దాటిన తరువాత పెట్టుకుంటారు. ఇందులో మోసమేమీ లేదు. ఇది కార్డు ఇచ్చే సదుపాయమే.

ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే ఈ సదుపాయం వర్తించదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైగా రుసుము వేరు. అత్యవసరంలో తప్ప ఆ పని చేయకపోవడం మేలు.

ఇక వడ్డీ. మన దేశంలో చాలా కార్డులపై అది నెలకు 3 నుంచి 3.75 శాతం వరకు ఉంటుంది. ఆంగ్లంలో ముద్రించిన బిల్లు అడుగున, చిన్న అక్షరాలలో, 3.5 శాతం అన్న అంకె ఎవరినీ భయపెట్టదు. దానినే ఊరి లెక్కలోకి మార్చి చూడాలి. నూటికి నెలకు ఎన్ని రూపాయలన్నది తెలుగువారి వడ్డీ లెక్క. ఆ ప్రకారం ఇది మూడున్నర రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవడానికి పదిమార్లు ఆలోచించే ఇంట్లో, మూడు రూపాయలు అడిగిన వ్యాపారిని దయలేనివాడనే ఇంట్లో, మూడున్నర రూపాయల వడ్డీ ఏ చర్చా లేకుండా ప్రవేశిస్తుంది. పైగా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. రెండూ కలిపితే నూటికి నెలకు 4 రూపాయల 13 పైసలు.

ఇంత వడ్డీకి చట్టం అడ్డు చెప్పదా అన్న ప్రశ్న సహజం. సంవత్సరానికి 30 శాతం మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది. కనుక ఆ 30 శాతం హద్దు ఇప్పుడు లేదు. హద్దు ఏదైనా ఉంటే కార్డుదారు తానే గీసుకోవాలి.

బిల్లులో రెండు మొత్తాలు కనిపిస్తాయి. ఒకటి టోటల్ అమౌంట్ డ్యూ, అంటే కట్టవలసిన మొత్తం. రెండవది మినిమమ్ అమౌంట్ డ్యూ, అంటే కనీసం కట్టవలసినది. ఇది తరచుగా బాకీలో 5 శాతం మేరకు ఉంటుంది. ఎన్నో మంచి కుటుంబాలు జారిపడిన మెట్టు ఈ రెండవ అంకె. గడువులోగా దానిని కట్టినవారికి ఆలస్య రుసుము పడదు, బ్యాంకు నుంచి ఫోను రాదు, బాకీ ఎగవేసినట్లు నమోదు కాదు. అందువలన ఆ నెల బాధ్యత తీరిపోయినట్లే అనిపిస్తుంది.

40,000 రూపాయల బాకీని తీసుకొని లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. మూడున్నర రూపాయల చొప్పున నెల వడ్డీ 1,400. దానిపై జీఎస్టీ 252. కలిపి 1,652. కనీస మొత్తంగా 2,000 కట్టినవారి సొమ్ములో అసలుకు చేరేది 348 రూపాయలు మాత్రమే. కార్డును మళ్లీ తాకకుండా నెలకు 2,000 చొప్పున ఒక సంవత్సరం కడితే చేతి నుంచి 24,000 పోతుంది; బాకీ ఇంకా 34,700 పైచిలుకు ఉంటుంది. అదే తీరున పూర్తిగా తీరడానికి 44 నెలలు పడుతుంది. మొత్తం కట్టేది సుమారు 86,000 రూపాయలు. అదే బాకీకి నెలకు 5,000 కట్టగలిగితే పది నెలల్లో, సుమారు 49,500తో తీరిపోతుంది. నెలకు మూడు వేల తేడా చివరకు 36 వేలకు పైగా తేడా అవుతున్నది. వాస్తవంలో బాకీ తగ్గేకొద్దీ కనీస మొత్తం కూడా తగ్గుతుంది కనుక, బిల్లు అడిగినంతే కట్టేవారికి ఇంకా ఎక్కువ కాలమే పడుతుంది.

కనీస మొత్తం కట్టినప్పుడు బాకీ పెరిగిపోయే విధంగా ఆ మొత్తాన్ని నిర్ణయించరాదని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాలలో చెప్పింది. త్వరగా తగ్గాలని మాత్రం చెప్పలేదు. కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ నెలల తరబడి, సంవత్సరాల తరబడి సాగి చక్రవడ్డీ పడుతుందన్న హెచ్చరికను ప్రతి బిల్లుపై ముద్రించాలని కూడా అదే ఆదేశాలలో ఉంది. ఆ వాక్యం బిల్లులో ఉంటుంది; చదివేవారు తక్కువ.

మరొక నష్టం చాలామంది దృష్టికి రాదు. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఆ నెల కొన్న బియ్యానికి, మందులకు కూడా కొన్ననాటి నుంచే మూడున్నర రూపాయల వడ్డీ నడుస్తుంది. అప్పు చేసి పప్పు కూడు అన్న సామెతకు ఇంతకంటే అక్షరార్థం దొరకదు.

ఊరి అప్పుతో పోలిస్తే కార్డు అప్పులో ఒక పెద్ద తేడా ఉంది. ప్రామిసరీ నోటు మూడేళ్లలో కాలం చెల్లుతుంది కనుక, గడువులోగా దానిని తిరగరాయించుకోవడం పల్లెల్లో వాడుక. ఆనాడు పేరుకున్న వడ్డీ అసలులో కలుస్తుంది. అప్పు ఎంత పెరిగిందో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. కార్డు బాకీ ప్రతి నెలా కొత్త బిల్లుగా తిరగరాయబడుతుంది, కాని సాక్షులు లేరు. బంగారం తాకట్టు పెడితే మెడ బోసిపోయిందని బంధువులు అడుగుతారు. కార్డు బాకీ ఫోనులోని ఒక సందేశంగా ఉండిపోతుంది. భర్త బాకీ భార్యకు, కుమారుని బాకీ తల్లిదండ్రులకు తెలిసేసరికి అది రెండు మూడు కార్డులకు వ్యాపించి ఉంటుంది. పరువు కోసం దాచిన అప్పు ఇలా పెరుగుతుంది. నిజానికి బ్యాంకు బంగారు రుణంపై వడ్డీ సాధారణంగా నెలకు రూపాయికి అటూ ఇటూగా ఉంటుంది. గాజులు తాకట్టు పెట్టడం అవమానమనుకొని దానికి మూడింతల వడ్డీ కట్టడం ఏ విధంగా గౌరవమో ఆలోచించవలసిన విషయం.

కార్డే వద్దనేవారి మాటలోనూ బలం ఉంది. అమెరికాలోని ఎంఐటీ ఆచార్యులు డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. బాస్కెట్‌బాల్ పోటీ టిక్కెట్లకు వేలం పాడమన్నప్పుడు, కార్డుతో చెల్లించవచ్చని చెప్పిన వారు నగదు చెల్లించవలసిన వారికంటే దాదాపు రెట్టింపు ధర పాడారు. చేతి నుంచి నోటు వెళ్లినప్పుడు కలిగే చిన్న బాధ కార్డుతో కలగదు. ఈ బలహీనత తనలో ఉందని గుర్తించి కార్డును దూరం పెట్టినవారు వెనుకబడినవారు కారు; వారు లెక్క తెలిసినవారే. యూపీఐ, డెబిట్ కార్డు ఉన్న నగరంలో వారి పని ఏదీ ఆగదు. గృహరుణం అడిగే నాటికి రుణ చరిత్ర లేకపోవడం ఒక లోటు కావచ్చు గాని, ఒక చిన్న రుణం తీసుకొని సక్రమంగా తీర్చినా ఆ చరిత్ర ఏర్పడుతుంది. అయితే కార్డు వద్దని, ఫోను యాప్‌లో అంతకంటే ఎక్కువ వడ్డీకి తీసుకునేవారు అప్పుకు దూరంగా ఉన్నట్లు కాదు.

వలస కుటుంబానికి చిక్కు వచ్చే సందర్భాలు కొన్ని ముందే తెలిసినవి. బెంగళూరులో ఇల్లు మారితే అడ్వాన్సు, జూన్‌లో బడి రుసుము, సంక్రాంతికి ఊరి ప్రయాణం. అనుకోని జబ్బు వేరు. ఇవి మాత్రం క్యాలెండరులో ఉన్నవే. వీటికి నెలనెలా కొంత పక్కన పెట్టినవారికి కార్డు చేబదులుగానే మిగులుతుంది. కార్డు పరిమితిని ఆదాయంలో భాగంగా లెక్కించినవారికి పండుగ ఖర్చు దసరా దాకా వెంట వస్తుంది. పరిమితి రెండు లక్షలన్నది బ్యాంకు పెట్టిన అంకె మాత్రమే. అది జీతం కాదు, పొదుపు అంతకన్నా కాదు.

ఇప్పటికే బాకీలో ఉన్నవారు మొదట ఆ కార్డు వాడకం ఆపాలి. తరువాత ఇంట్లో చెప్పాలి; ఇది లెక్కలకంటే కష్టమైన పని, అయినా దీనిని దాటవేసి ముందుకు పోయిన దారి సాధారణంగా మరో కార్డు వద్దకే చేరుతుంది. బంగారు రుణం గాని, తక్కువ వడ్డీ గల వ్యక్తిగత రుణం గాని తీసుకొని కార్డు బాకీని ఒకేసారి తీర్చడం చాలా సందర్భాలలో లాభం. బాకీని వాయిదాలుగా మార్చమని బ్యాంకునే అడగవచ్చు. వడ్డీ ఎంత, రుసుము ఎంత అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

వసూలు ఏజెంట్ల విషయంలో కార్డుదారుకు రక్షణ ఉంది. బాకీ తీర్చమని ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయరాదు. బెదిరించరాదు, నలుగురిలో అవమానించరాదు, కుటుంబ సభ్యులను, స్నేహితులను వేధించరాదు. ఊళ్లోని తల్లిదండ్రులకు ఫోను చేసి పరువు తీస్తామనడం ఈ నిబంధనలకు విరుద్ధం. అటువంటి ఫోను వస్తే తేదీ, సమయం, నంబరు రాసి ఉంచుకోవాలి.

కోరకుండా కార్డు ఇవ్వడం కూడా నిషిద్ధం. వచ్చిన కార్డును 30 రోజుల్లో వాడుకలోకి తేకపోతే బ్యాంకు ఓటీపీ ద్వారా సమ్మతి అడగాలి. సమ్మతి ఇవ్వకపోతే రుసుము లేకుండా ఆ ఖాతాను మూసివేయాలి. బాకీ లేని కార్డును మూయమని కోరిన నాటి నుంచి ఏడు పనిదినాలలో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు కార్డుదారుకు చెల్లించాలి. రుణ సమాచార సంస్థలు ఒక్కొక్కటి సంవత్సరానికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇస్తాయి. మూసిన కార్డు ఇంకా తెరిచి ఉన్నట్లు చూపుతున్నదేమో అందులో చూడవచ్చు.

ఫిర్యాదు మొదట బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. న్యాయవాది అవసరం లేదు. రిజర్వు బ్యాంకు సహాయ కేంద్రం నంబరు 14448. అక్కడ కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగులోనూ మాట్లాడవచ్చు.