అల్యూమినా మొండిపట్టు వదిలించేదెలా?

అల్యూమినియం గిన్నెకు ముడిసరుకు అల్యూమినా అనే తెల్లటి పొడి. అది కరగాలంటే దాదాపు 2,070 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడి పెట్టకుండానే లోహాన్ని రాబట్టడంలోనే ఉంది ఈ పరిశ్రమ కిటుకంతా.

1. పొడి తీయడం: బాక్సైట్ అనే ఖనిజాన్ని నూరి, కాస్టిక్ సోడాలో పీడనం కింద ఉడికిస్తారు. అందులోని ఇనుము ఎర్ర బురదగా అడుగున మిగులుతుంది. తేట ద్రావణాన్ని చల్లార్చితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ పేరుకుంటుంది. దాన్ని కాల్చితే అల్యూమినా. ఒడిశాలోని దమన్‌జోడిలో నాల్కో ఇలా తీసిన పొడి విశాఖ రేవు నుంచి విదేశాలకూ వెళ్తుంది.

2. పట్టు తెలుసుకోవడం: అయాన్ల (విద్యుదావేశమున్న కణాల) ఆవేశం పెరిగితే వాటి మధ్య ఆకర్షణ పెరుగుతుంది, అయాన్లు పెద్దవై దూరం పెరిగితే తగ్గుతుంది. ఆకర్షణ ఎంత గట్టిగా ఉంటే కరగడానికి అంత వేడి కావాలి. సోడియం ఫ్లోరైడ్ 993 డిగ్రీలకు కరుగుతుంది. ఫ్లోరైడ్ బదులు పెద్దదైన క్లోరైడ్ వస్తే 801, ఇంకా పెద్దదైన అయొడైడ్ వస్తే 661. మెగ్నీషియం ఆక్సైడ్‌లో అయాన్ల దూరం సోడియం ఫ్లోరైడ్‌లో కంటే కొంచెమే తక్కువ. కానీ రెండు వైపులా ఆవేశం రెట్టింపు. అందుకే 2,852 డిగ్రీలు!

అల్యూమినియం అయాన్ మరీ చిన్నది, ఆవేశం +3. లెక్కప్రకారం అల్యూమినా ఇంకా మొండికెయ్యాలి. అయితే ఆ అయాన్ పక్కనున్న ఎలక్ట్రాన్లను తనవైపు లాగి, బంధానికి కొంత సమయోజనీయ గుణం తెస్తుంది. పెద్దదైన క్లోరైడ్ దగ్గర ఈ లాగుడు మరీ ఎక్కువ. అందుకే అల్యూమినియం క్లోరైడ్ సుమారు 180 డిగ్రీలకే ఆవిరైపోతుంది. కరిగించినా కరెంటును సరిగా పోనివ్వదు. కనుక కరెంటుతో లోహాన్ని రాబట్టడానికి అది పనికిరాదు.

3. క్రయోలైట్‌లో కలపడం: 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ విడివిడిగా ఒకే దారి కనిపెట్టారు. క్రయోలైట్ అనే ఖనిజం సుమారు 1,010 డిగ్రీలకు కరుగుతుంది. అందులో అల్యూమినాను కొద్దికొద్దిగా వేస్తే, నీళ్లలో ఉప్పులా కలిసిపోతుంది. ఆ మిశ్రమం ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది కనుక, అది ఉన్న తొట్టె 960 డిగ్రీల దగ్గర ఉంటే చాలు.

4. కరెంటు పంపడం: కార్బన్ దిమ్మెల ద్వారా లక్ష ఆంపియర్లకు పైగా పంపుతారు, వోల్టేజి మాత్రం నాలుగైదు వోల్టులే. అల్యూమినాలోని ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. దిమ్మెలు అరిగిపోతుంటాయి, మార్చాలి. ద్రవలోహం బరువెక్కువ కనుక అడుగుకు చేరుతుంది. దాన్ని తోడి అచ్చుల్లో పోస్తారు.

కిలో లోహానికి 13 నుంచి 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. పాత అల్యూమినియాన్ని 660 డిగ్రీల వద్ద కరిగించి మళ్లీ వాడుకుంటే అందులో ఇరవయ్యో వంతు శక్తి చాలు. సొట్టపోయిన గిన్నెను చెత్తలో పారేయకండి, పాత సామాన్లవాళ్లకు ఇవ్వండి.